ఇవ్వండి... గుమ్మం దగ్గర మాత్రం వద్దు

అనాథాశ్రమం పేరుతో ఒకరు, ఆపరేషన్ అంటూ ఇంకొకరు. నీళ్లు పరీక్షిస్తామంటూ ఒకరొస్తే, లోను ఇస్తామంటూ మరొకరి ఫోను. పిలవకుండానే గుమ్మంలోకి వచ్చే ఈ అభ్యర్థనలకు ఏమని జవాబు చెప్పాలి? మనసు రాయి చేసుకోకుండా, మోసపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ముందుగా నోట్‌బుక్కు తెరుస్తారు. అందులో మూడు గళ్లు: పేరు, ఫ్లాటు నంబరు, ఇచ్చిన మొత్తం. కింది అంతస్తు వాళ్లు 516. ఎదురు ఫ్లాటు వాళ్లు 1,116. పైన ఉండే డాక్టరుగారు 2,116. ఎదురు ఫ్లాటు వాళ్లు నిజంగానే వెయ్యినూటపదహార్లు ఇచ్చారా, ఇచ్చిన నూటపదహారుకు ముందు ఒకటి అంకె తర్వాతెప్పుడో చేరిందా అని వెళ్లి అడిగేవాళ్లు ఎవరు? నోట్‌బుక్కు కింద నుంచి లామినేషన్ చేయించిన ఫొటోలు బయటికి వస్తాయి. చాప మీద వరసగా కూర్చున్న పిల్లలు, వాళ్ల ముందు స్టీలు కంచాలు. ‘‘మీకు తోచినంత రాయండమ్మా’’ అంటూ పెన్ను మూత తీసి మరీ చేతికిస్తారు. లోపల కుక్కరు కూస్తుంటుంది. ఇంటావిడ వెళ్లి పర్సు తెస్తుంది.

ఆ సంస్థ ఏ ఊళ్లో ఉందో ఆమెకు తెలియదు. అందులో పిల్లలు ఎంతమందో తెలియదు. వచ్చిన కుర్రాడికి జీతం ఇస్తున్నారో, వసూలు చేసినదాంట్లో వాటా ఇస్తున్నారో తెలియదు. కాదంటే బాగుండదన్న ఒక్క సంగతే ఆ నిమిషంలో ఆమెకు తెలుసు. రోజూ మన ఊళ్లలో ఎన్నో గుమ్మాల దగ్గర డబ్బు చేతులు మారుతున్నది ఆ ఒక్కదాని మీదే.

ఇవ్వడం మానుకోమని చెప్పడానికి కాదు ఈ కథనం. పెట్టే చెయ్యి ఉన్న సమాజం మనది, ఆ చెయ్యి అలాగే ఉండాలి. కాకపోతే ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది తలుపు సగం తీసి నిలబడి తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో నలుగురూ కూర్చుని ముందే తేల్చుకోవాల్సిన విషయం.

తెలిసిన మనుషులు వచ్చే రోజుల్లో

పిలవకుండా వచ్చేవాళ్లు మనకు కొత్త కాదు. ధనుర్మాసంలో తల మీద అక్షయపాత్రతో హరిదాసు వచ్చేవాడు. సంక్రాంతికి గంగిరెద్దు, ఇంకా తెల్లవారకముందే బుడబుక్కల వాడు, శంఖం ఊదుతూ జంగందేవర వచ్చేవాళ్లు. వాళ్లకు చేటలో బియ్యం పోయడానికి ఎవరూ తటపటాయించలేదు. ఏటా అదే మనిషి వచ్చేవాడు, ఆయన కాకపోతే ఆయన కొడుకు. ఏ ఊరివాడో, ఎవరి తాలూకో వీధికంతా తెలుసు. పైగా ఒక కీర్తన, ఒక ఆట, ఒక దీవెన ఇచ్చి తీసుకెళ్లేవాళ్లు. వారాలు చేసుకుని చదువుకున్న పిల్లలదీ అంతే. సోమవారం ఎవరింట్లో, మంగళవారం ఎవరింట్లో అన్నది ముందే కుదిరిన ఏర్పాటు.

అప్పటి దానానికి వెనక పరిచయం ఉండేది. కాగితాలు అక్కర్లేకపోవడానికి కారణం అదే. నగరానికి వచ్చాక, అపార్ట్‌మెంట్లకు మారాక ఆ పరిచయం తెగిపోయింది. వచ్చినవాణ్ని వట్టి చేతులతో పంపకూడదన్న అలవాటు మాత్రం మనతోనే వచ్చింది. మంచి అలవాటే. దాన్ని పసిగట్టినవాళ్లు మాత్రం అందరూ మంచివాళ్లు కారు.

కాదనలేమని వాళ్లకు తెలుసు

గుమ్మం దగ్గర మనం ఇచ్చేదాంట్లో జాలి ఎంత, మొహమాటం ఎంత? అమెరికాలో డెల్లావిగ్నా, లిస్ట్, మాల్మెండియర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. షికాగో చుట్టుపక్కల ఇళ్లకు విరాళాల కోసం మనుషుల్ని పంపారు. కొన్ని ఇళ్లకు మాత్రం ‘రేపు ఫలానా వేళకు వస్తాం’ అని ముందురోజే తలుపు గొళ్లేనికి కాగితం తగిలించారు. 2012లో అచ్చయిన ఫలితాలివి: ముందే తెలిసిన ఇళ్లలో తలుపు తీసేవాళ్లు 9 నుంచి 25 శాతం తగ్గారు. ‘మా ఇంటికి రావద్దు’ అని గుర్తు పెట్టే వీలు కూడా కల్పిస్తే విరాళాలు 28 నుంచి 42 శాతం దాకా పడిపోయాయి. అంటే ఇచ్చినవాళ్లలో చాలామందికి ఇవ్వాలని లేదు. ఎదుటి మనిషి మొహం చూసి కాదనలేకపోయారు. ఆ ఇబ్బంది షికాగోలోనే అంతుంటే, అతిథిని నిలబెట్టి మాట్లాడటమే తప్పనుకునే మన ఇళ్లలో ఇంకెంత ఉంటుంది!

అమ్మకానికి వచ్చేవాళ్లకూ ఈ కిటుకు తెలుసు. మన దేశంలో ఇంటింటికీ తిరిగి అమ్మడాన్ని ఒక పెద్ద పద్ధతిగా చేసిన కంపెనీల్లో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ముందుంటుంది. టై కట్టుకుని వచ్చి హాల్లో వాక్యూమ్ క్లీనర్ నడిపి చూపించిన సేల్స్‌మెన్ ఆనాటివాళ్లకు గుర్తుండే ఉంటారు. చూపించి అమ్మడంలో తప్పేమీ లేదు. చూపించే దాంట్లో కనికట్టు ఉంటేనే చిక్కు.

తరచూ జరిగే ‘నీళ్ల పరీక్ష’నే తీసుకోండి. ఒక గ్లాసులో మన కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల ఆర్‌ఓ నీళ్లు పోస్తారు. రెండింట్లోనూ లోహపు కడ్డీలున్న చిన్న పరికరం దించి కరెంటు ఇస్తారు. చూస్తుండగానే మన గ్లాసు పసుపు రంగుకు తిరిగి, గోధుమరంగై, అడుగున మడ్డి కడుతుంది. పక్క గ్లాసు తేటగానే ఉంటుంది. ‘‘ఇన్నాళ్లూ పిల్లలకు తాగిస్తున్నది ఇదేనమ్మా’’ అంటాడు వచ్చినాయన. గుండె గుభేలుమంటుంది. అసలు జరిగింది వేరు. కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలుండాలి. మామూలు మంచినీళ్లలో అవి ఉంటాయి కాబట్టి కరెంటు పారి, ఇనుప కడ్డీయే కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు తీసేస్తారు కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగూ మారదు. ఆ మడ్డి కడ్డీది, మన నీళ్లది కాదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలున్నా ఆమోదయోగ్యమే. నీళ్ల మీద అనుమానం ఉంటే ల్యాబులో పరీక్ష చేయించాలి, అమ్మేవాడి గ్లాసులో కాదు.

నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. గాజులు తళతళలాడుతూ తిరిగొస్తాయి, తూకం వేస్తే గ్రాములు తగ్గి ఉంటాయి. మెరుగుకు వాళ్లు వాడే ద్రావణంలో ఉన్న యాసిడ్లు బంగారాన్ని కరిగించేస్తాయి. ‘గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం, పైపు మార్చాలి’ అంటే డబ్బులు తీయకముందే మీ డీలరుకు ఫోన్ చేయండి. నిజంగా వాళ్లు పంపినవాళ్లే అయితే ఆ ఒక్క ఫోనుతో తేలిపోతుంది.

మనం చెప్పే సాకులతోనే ముప్పు

కాదనలేనప్పుడు మనలో చాలామంది ఒక చిన్న అబద్ధం ఆడతాం. ‘‘ఇంట్లో ఎవరూ లేరు బాబూ, తర్వాత రండి.’’ ‘‘మావారు ఊళ్లో లేరు, ఆదివారం వస్తారు.’’ మర్యాదగా తప్పించుకున్నామనుకుంటాం. ఆ రెండు ముక్కల్లో మనం ఏం చెప్పామో ఆలోచించండి. ముక్కూమొహం తెలియని మనిషికి ఇంట్లో ఒంటరిగా ఉన్నామని చెప్పాం. మగవాళ్లు ఎప్పుడుంటారో, ఎప్పుడుండరో చెప్పాం. పైగా మళ్లీ రమ్మని పిలిచాం. సూటిగా కాదనడంలో ఇంత ప్రమాదం లేదు.

కసురుకోవడమూ అక్కర్లేదు. ఎండలో నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన కుర్రాడు మన శత్రువు కాదు. డిగ్రీ అయి, ఇంకేదీ దొరక్క, రోజుకు ఇన్ని తలుపులని లెక్క చూపించాల్సిన ఉద్యోగంలో చేరినవాడై ఉండొచ్చు. అతనికి మంచినీళ్లివ్వండి. నిర్ణయం మాత్రం అతని ముందు తీసుకోకండి.

అందుకు ఒక నియమం కావాలి. ‘మా ఇంట్లో గుమ్మం దగ్గర డబ్బులివ్వం, సంతకాలు పెట్టం, ఫోన్లో ఏ నిర్ణయమూ చెప్పం.’ ఇంటిల్లిపాదికీ ఒకటే మాట. నియమం ఉంటే వచ్చిన ప్రతి మనిషినీ తూచి చూడాల్సిన అవసరం ఉండదు. కాదన్నది అతన్ని కాదు, అందరికీ అదే మాట అని అతనికీ అర్థమవుతుంది. మాట కూడా సిద్ధంగా ఉంచుకోండి: ‘‘బాబూ, మేం గుమ్మం దగ్గర డబ్బులివ్వం. మీ సంస్థ కాగితం ఉంటే ఇచ్చి వెళ్లండి, చూసుకుని మేమే ఫోన్ చేస్తాం.’’ అంతే. కారణాలు చెప్పడం మొదలుపెడితే ఒక్కోదానికీ అటునుంచి ఒక్కో జవాబు సిద్ధంగా ఉంటుంది. అదే మాట రెండోసారి మెల్లగా చెప్పి తలుపు వేసుకోవడం అమర్యాద కాదు.

చట్టమూ మన వైపే ఉంది. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల తరఫున అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా మన అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదని 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. తాము ఎవరో, ఏ కంపెనీయో, ఎందుకొచ్చారో మాట మొదలుపెట్టగానే చెప్పాలి కూడా.

కాగితం తీసుకున్నాక ఏం చూడాలి?

నిజంగా సేవ చేసే సంస్థకు మన ప్రశ్నలంటే భయం ఉండదు. రిజిస్ట్రేషన్ నంబరు ఏ సంవత్సరానిదో, ఏ జిల్లాలో చేయించారో రసీదు మీద చూడండి. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ వెబ్‌సైట్లో చాలా సంస్థల వివరాలు దొరుకుతాయి. అందులో పేరుంటే చాలనుకోకూడదు, అడగాల్సినవి అడగడానికి అదొక ఆరంభం.

క్యూఆర్ కోడు స్కాన్ చేసినప్పుడు డబ్బు పంపకముందు తెరమీద వచ్చే పేరు చదవండి. చేతిలో కాగితం మీద ట్రస్టు పేరుండి, తెరమీద ఒక వ్యక్తి పేరు వస్తే అక్కడితో ఆగిపోండి. ‘80జి ఉంది’ అని చెప్పి నగదు అడిగితే ఒక సంగతి గుర్తుంచుకోండి: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి కింద వచ్చే ఆదాయపన్ను మినహాయింపు వర్తించదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అసలు ఆ ప్రయోజనం. కాబట్టి 80జి పేరు చెబుతూ ఐదు వేలు నోట్లలోనే కావాలని పట్టుబట్టే సంస్థ దాత మేలు చూస్తున్నట్టు కాదు. మాల్స్ దగ్గర, గుమ్మాల దగ్గర ట్యాబ్ ఇచ్చి ‘నెలకు ఐదొందలే’ అని సంతకం అడిగేవాళ్లుంటారు. అది నెలనెలా ఖాతాలోంచి కోసుకునే అనుమతి. ఇచ్చేముందు అది ఎన్నాళ్లకో చూడండి. ఇచ్చేసి ఉంటే యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోగానీ బ్యాంకులోగానీ రద్దు చేసుకోవచ్చు.

పిల్లల పేరుతో వచ్చే వసూళ్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అనాథ పిల్లల్ని ఉంచే ఏ సంస్థ అయినా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టర్ అయి తీరాలి. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. అలాంటి పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని కూడా ఆ చట్టం నిషేధించింది. మరి ఆ పిల్లల ఫొటోలు ఇంటింటికీ తిప్పుతున్నారంటే ఏమనుకోవాలి? జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడిగితే ఆ హోమ్‌కు అనుమతి ఉందో లేదో చెబుతారు. డబ్బా పట్టుకుని పిల్లలే వస్తే ఆ డబ్బాలో పది రూపాయలు వేసి పంపడం సాయం కాదు. పిల్లలతో అడుక్కునే పని చేయిస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ పిల్లవాడికి మనం చేయగల అసలు సాయం అదే.

ఆపరేషన్ కాగితాలతో వచ్చేవాళ్లలో నిజంగా కష్టంలో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్ల దగ్గరున్న ఉత్తరం మీది ఫోన్ నంబరు నమ్మకుండా, ఆసుపత్రి నంబరు విడిగా కనుక్కుని మాట్లాడండి. రోగి పేరు నిజమైతే ఆసుపత్రిలో అతని బిల్లుకే నేరుగా కట్టండి. పేదల వైద్యానికి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేర్వేరు పేర్లతో నడుస్తోంది. ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. వాటికి దరఖాస్తు నింపి పెట్టడానికి ఒక గంట కేటాయిస్తే, మనమిచ్చే ఐదొందల కంటే ఆ కుటుంబానికి ఎక్కువ ఒరుగుతుంది.

ఆకలికి మాత్రం ఆరా వద్దు

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంచుకోవాలి. ఆకలి అని వచ్చినవాళ్లకు అన్నం పెట్టడానికి కాగితాలు అక్కర్లేదు. కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినా అన్నం పెట్టి పంపేవారు. అందుకే ఆమెను అపర అన్నపూర్ణ అన్నారు. అన్నం కళ్లముందే ఆకలి తీరుస్తుంది, అది దారి తప్పే వీల్లేదు. డబ్బు మన గుమ్మం దాటాక ఎటు పోతుందో కనపడదు. విచారణ కావాల్సింది దానికి. ఎవరైనా డబ్బే కావాలంటే, భోజనం పెట్టగలమని చెప్పండి. నిజంగా ఆకలితో ఉన్నవాళ్లు కూర్చుని తింటారు.

వీధిలో పందిరి వేసే వినాయకచవితి చందా సంగతి వేరు. అడిగేది మన పిల్లలే, పండగా మనదే. ఖైరతాబాద్‌లో 1954లో మొదలైన గణపతి ఉత్సవం నుంచి సందుల్లో బొజ్జ గణపయ్యల దాకా అన్నీ చందాలతోనే నిలబడ్డాయి. దానికీ ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. ఇంటికి ఎంతన్నది అపార్ట్‌మెంటు మీటింగులోనో, కాలనీ సంఘంలోనో ముందే అనుకోవాలి. నిమజ్జనం అయ్యాక జమాఖర్చులు రాసి గేటు దగ్గర అంటించాలి. ఇంతే ఇవ్వాలని బెదిరిస్తే అది చందా కాదు, దౌర్జన్యంగా గుంజుకోవడం. 112కు ఫోన్ చేయడానికి వెనకాడొద్దు.

ఫోనూ ఒక గుమ్మమే

తలుపు వేసుకున్నా ఫోను ఊరుకోదు. పర్సనల్ లోను, ప్లాట్లు, ఇన్సూరెన్సు, ఆఖరికి ‘ఈ సాయంత్రంలోగా కట్టకపోతే పాపకు ఆపరేషన్ జరగదు’ అనే పిలుపులు. ‘ఇప్పుడే’, ‘ఈ రోజే’ అని తొందరపెట్టిన ప్రతిసారీ ఆగాలి. సాయం అడిగేవాళ్లకు తొందర ఉండొచ్చు, మనం కనుక్కునేందుకు పది నిమిషాలు కూడా ఇవ్వనంత తొందర ఉండదు.

ప్రచార కాల్స్ వద్దనుకుంటే 1909కు ఫోన్ చేసిగానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోగానీ నమోదు చేసుకోవచ్చు. రిజిస్టర్ అయిన టెలీమార్కెటింగ్ కాల్స్ 140తో మొదలవుతాయి. బ్యాంకులు, బీమా సంస్థలు తమ సేవల కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లకు మారుతున్నాయి. మామూలు పది అంకెల నంబరు నుంచి అమ్మకానికి ఫోన్ చేస్తే, 2025లో సవరించిన నిబంధనల ప్రకారం ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. అందుకు డీఎన్‌డీలో నమోదై ఉండక్కర్లేదు. మోసపు కాల్ అనిపిస్తే సంచార్ సాథీ వెబ్‌సైట్లోని చక్షు విభాగంలో తెలపండి. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఉంటుంది. పోలీసులమంటూ వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్టు’ చేసే అధికారం ఎవరికీ లేదు. అసలు అలాంటిది మన చట్టంలోనే లేదు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, విజయవాడలో, వరంగల్‌లో, రాజమండ్రిలో ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ల ఇళ్లు ఈ ఫోన్లు చేసేవాళ్లకు బాగా తెలుసు. వాళ్లకు పలకరించే మనిషి కావాలి. ‘‘అమ్మా, భోంచేశారా?’’ అని మొదలుపెట్టేవాడికి అందుకే పని అంత సులువవుతుంది. వాళ్లు మోసపోతే కోప్పడకండి. కోప్పడితే మరుసటిసారి దాచిపెడతారు. ‘‘నాన్నా, ఎవరేం అడిగినా మా అబ్బాయిని అడిగి చెబుతానని అనండి’’ అని ఒక మాట వాళ్ల చేతికివ్వండి. రోజూ వాళ్లకు ఫోన్ చేయాల్సింది మనమే.

ఈ ఆదివారమే కూర్చోండి

ఏడాదికి ఇంత ఇవ్వాలని ఇంట్లో అనుకోండి. ఉగాదికో, జీతం పెరిగిన నెలలోనో ఒక మొత్తం పక్కన పెట్టండి. మీ ఊళ్లోనే ఒకటో రెండో చోట్లు ఎంచుకోండి: మీరు చదువుకున్న బడి, దగ్గర్లోని వృద్ధాశ్రమం, ఫీజు కట్టలేని ఒక పనిమనిషి కూతురు. వెళ్లి చూసి రండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. అప్పుడు బెల్లు మోగి ఎవరైనా నోట్‌బుక్కు తెరిస్తే, ‘‘మేమిచ్చే చోట్లు మాకున్నాయి బాబూ’’ అని నిజం చెప్పవచ్చు.

మొహమాటానికి ఇచ్చిన డబ్బుతో మోసగాళ్లు పెరుగుతారు. వాళ్లు పెరిగేకొద్దీ నిజంగా అవసరమున్నవాళ్ల మాట నమ్మేవాళ్లు తగ్గిపోతారు. గుమ్మం దగ్గర కాదనడం అందుకే పిసినారితనం కాదు. తెలిసి, చూసి, అడిగి ఇవ్వండి. ఇప్పుడిచ్చేదానికంటే కాస్త ఎక్కువే ఇవ్వండి.